నల్ల చార కనబడని బంతి

ఓక్లహోమా, మార్చి 9, 1992

చిరంజీవి జోలీన్‌ను నాన్న దీవించి రాస్తున్నాడు. ఇక్కడ నేనూ కుక్కా కులాసా. గాలి మాత్రం మూడు రోజులుగా తెరిపి ఇవ్వలేదు. నీ భుజం నొప్పి తగ్గిందని రాశావు, సంతోషం.

పైకి లేచినట్టు రావాల్సిన నీ రైజ్ బాల్ లేవడం లేదని, ఇరవై ఒకటో తేదీలోగా సరిచేసుకోకపోతే సాఫ్ట్‌బాల్ జట్టులోంచి తీసేస్తానని మీ కోచ్ అందని రాశావు. ఆవిడ చెప్పింది నిజమే. నీ బంతి తుపాకీ గుండులా మెలితిరుగుతూ పోతోంది. అలా తిరిగేదాన్ని గాలి మోయదు. బంతి ముందుకు పోతూనే నీవైపు వెనక్కి దొర్లుతున్నట్టు తిరగాలి. అప్పుడైనా అది నిజంగా పైకి లేవదు. పడాల్సినంత పడదు, అంతే. బ్యాట్ దాని కిందుగా పోతుంది. మీ అమ్మ మిల్లు జట్టుకు ఆడినన్నాళ్లూ విసిరింది అదే.

మధ్యాహ్నాలు ఏం చేస్తున్నావని అడిగావు. షెడ్డులో, నువ్వు విసిరిన బంతులు నేను పట్టిన చోటే, గ్లవ్ తొడుక్కుని బకెట్ బోర్లించి కూర్చుంటున్నాను. మొదట అలవాటుకొద్దీ. ఫిబ్రవరి పదకొండున బంతి వచ్చింది. కంటికి కనబడలేదు. గుడ్డ చింపినట్టు సన్నటి చప్పుడు, గ్లవ్ వెనక్కి జరిగింది. లోపల ఏమీ లేదు. ఆ పూట అలా వచ్చినవి ముప్పై నాలుగు అని, నీ బంతుల లెక్క రాసిన పుస్తకంలోనే రాసుకున్నాను. బతికుండగా మీ అమ్మ పూటకు విసిరినవి అన్నే.

పక్కింటి వెండెల్ ఒకరోజు తలుపు దగ్గర నిలబడి, "పిల్ల కాలేజీకి పోయి ఆరు నెలలైంది. ఇంకా ఎవరికోసమయ్యా ఆ కాపలా?" అన్నాడు. అంతలో గ్లవ్ టప్పుమంది. అతను టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఆ చప్పుడు రోజూ వింటుంటే నీది వేరని తెలిసింది. నీ బంతి బొంగురుగా వచ్చేది. అది నాకు ముందే తెలియాల్సింది. రెండేళ్ల కిందట నేలకు తగిలి లేచిన నీ బంతి నా కంటి మీద కొట్టింది కదా. ఏమీ కాలేదన్నాను. ఆ కన్ను మళ్లీ సరిగా చూడలేదు. తిరుగుడు తెలియడానికి బంతి మీద మనం గీసిన నల్ల చార అప్పటినుంచీ నాకు ఆనలేదు. అయినా రోజూ "తిరుగుడు బాగుంది" అని పుస్తకంలో రాశాను, నీకూ అదే చెప్పాను. నిజం చెబితే ఆ బకెట్ మీద ఇంకొకరిని కూర్చోబెడతావని భయం. నీ చెయ్యి తప్పు నేర్చుకున్నది నా మాట నమ్మే.

నిన్న ఈ సంగతంతా ఆ ఖాళీలోకి, మీ అమ్మకు చెప్పాను. "నావల్ల కావడం లేదు ఓపల్, పిల్లకు నువ్వే చూపించు," అన్నాను. ఆ తర్వాత ఒక్క బంతీ రాలేదు. లేచి, నువ్వు నిలబడి విసిరే సుద్దగీత దాకా వెళ్లాను. అక్కడి మట్టిలో, బంతి విసిరేవాళ్లు వెనక కాలు ఈడ్చే గాడి, పచ్చిగా, అప్పుడే పడినట్టు ఉంది. నీకోసమే ఆగిందని అర్థమైంది.

గురువారం బస్సెక్కి రా. నువ్వేమీ విసరొద్దు. బకెట్ మీద కూర్చుని విను, నేను పక్కనే నిలబడతాను. గ్లవ్‌లో దళసరి గుడ్డ పెట్టుకో. నువ్వు కూతురివని మీ అమ్మ ఎప్పుడూ మెల్లగా విసరలేదు.

ఇట్లు,
మీ నాన్న,
ఎల్డన్