కాదనే ముందు ఒక మంచి మాట

బావగారికి,

మన కీబోర్డు ప్రోగ్రాంలో మీరు చేసిన మార్పును పొద్దునే కలిపేశాను. అక్షరాలు ఇప్పుడు తడబడటం లేదు. ఆ తడబాటు గురించి జరిగిన వాదనలో మీరే రైటు.

కానీ ఇకమీదట ఇతరుల కోడ్ మీద తీర్పు చెప్పే అధికారం మీకు ఉండదు. దాన్నీ నేనే తీసేశాను. మీ గొంతు వింటే మెత్తబడిపోతానని ఫోన్ చేయకుండా రాస్తున్నాను.

ఎవరి కోడ్‌నైనా కాదనే ముందు అందులో ఒక్క మంచి సంగతి చెప్పాలన్న నియమం పెట్టింది మీరే. జీతం లేని పనిలో మనిషికి దక్కేది ఆ మాటేనని కూడా మీరే అన్నారు. అలాంటిది, ఆసుపత్రి డ్యూటీ దిగి మనకు కోడ్ రాసే నర్సమ్మను, "ఇది మనిషి రాసిందా, కోతి రాసిందా?" అని అందరి ముందూ అడిగారు. ఆమె ఖాతా మూసేసి వెళ్లిపోయింది. నేను అడిగితే, "తప్పును తప్పనక దండేసి దణ్ణం పెట్టాలా?" అని కసిరారు.

మీ మార్పు సరైనదని నాకెలా తెలిసిందంటారా? ఆమె తన కోడ్‌తో పాటు, అక్షరాలు ఎక్కడ తడబడుతున్నాయో పట్టిచ్చే చిన్న పరీక్ష కూడా రాసి పంపింది. మీరు అంతవరకూ చదవలేదు. దాన్ని నడిపాకే మీరు గెలిచారని తేలింది.

చెప్పాల్సిన మంచి మాట అదే, బావగారూ. ఇప్పుడు చెబుదామన్నా ఆమె చిరునామా మన దగ్గర లేదు.

మీ బావమరిది