సున్నం కింద నెమలి

చెల్లె సత్తమ్మా,

ఉన్ అనే పేటలో మన మగ్గాల షెడ్డు గోడ మీద నువ్వు బొగ్గుతో గీసిన నెమలిని ఎవరినీ చెరపనివ్వనని మాటిచ్చాను. పది రోజులు కూడా నిలబెట్టుకోలేదు.

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. పొద్దున అడాజన్ వంతెన కిందికి వెళ్లాను. అక్కడ స్తంభాల మీద పిల్లలు రంగుల బొమ్మలు వేస్తున్నారు. చాలావరకు నేను పుస్తకాల్లో చూసిన పరదేశపు గోడలకు నకళ్లే. ఒక్క అమ్మాయి మాత్రం ముందుగా గళ్లు గీసుకుంటోంది, చీర అంచు డిజైను కోసం నాయన గ్రాఫు కాగితం మీద గీసినట్టు. అలాంటి గళ్లలోనే నువ్వు నెమలిని నింపావు.

"ఎవరు నేర్పిండ్రు బిడ్డా?"

"మా నానమ్మ, తాతా. ఉన్‌ల ఒక షెడ్డు గోడ మీద ఒకామె గిట్లనే గళ్లు గీసి నెమలి ఏసిందంట. నానమ్మ రోజూ పోయి చూస్తుండె. ఎవడో పాగల్‌గాడు సున్నం కొట్టిండంట!"

"అట్లనా" అన్నాను.

ఆడది నిచ్చెనెక్కి గోడలకు బొమ్మలేస్తే నలుగురిలో తలెత్తుకోలేనన్నది నీ మొగుడు రాజయ్య. సున్నం కుంచె పట్టింది నేను. ఆ తర్వాత నువ్వు బొగ్గు ముట్టలేదు. నన్ను ఒక్క మాటా అనలేదు.

ఆ అమ్మాయికి నీ పేరు చెప్పాను. మరి సున్నం కొట్టిందెవరని అడిగింది. నీ మొగుడి పేరు చెప్పాను. అబద్ధమని నీకు తెలుసు. అయినా నా కోపం ఇప్పటికీ రాజయ్య మీదే.