ఈ ఉత్తరం సాయంత్రమే చదివించు

హైదరాబాదు,
ఆదివారం.

అన్నకు తమ్ముడు మల్లేశం నమస్కారం చేసి రాస్తున్నది. నేనిక్కడ బాగున్నాను. అవ్వకు దమ్ము, ఆయాసం తగ్గాయా? వదిన, పిల్లలు ఎట్లున్నారు? ఈ ఉత్తరం పొద్దున అందినా, బీడీలు చుట్టడం అయ్యాక సాయంత్రమే చెల్లె శాంతతో చదివించుకో. ఇంట్లో అక్షరం తెలిసింది ఆమెకేగా. సాయంత్రమే ఎందుకో చివర రాస్తాను.

ఇక్కడ ఎండలు తగ్గాయి. హోటలు అన్నం తిని తిని నోరు చచ్చింది. ఎవరైనా వస్తుంటే అవ్వ చేతి మామిడికాయ తొక్కు పంపు. మెడికల్ కాలేజీలో నా పని కుందేళ్లను పట్టుకోవడం. నవ్వకు, అదీ ఉద్యోగమే.

ఎక్కడో అడవుల్లో బాణాలకు పూసే విషం నుంచి తీసిన మందు ఒకటుంది, క్యూరారే అంటారు. దాని బలం చూడటానికి కుందేలు చెవి నరంలోకి కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. "మల్లేశం, తల వాలంగనే చెప్పు" అంటారు డాక్టరుగారు. రెప్పలు వాలుతాయి, మెడ వాలుతుంది. తెలివి మాత్రం ఉంటుంది, చూస్తూనే ఉంటుంది. మందు ఎక్కువైతే ఊపిరి ఆగుతుంది. విరుగుడుగా ఇంకో సూది వేస్తే కాసేపటికి తల ఎత్తుతుంది.

మొన్న తల వాలినా నేను చెప్పలేదు. శాంత గుర్తొచ్చింది. పొద్దున చకచకా బీడీలు చుట్టే పిల్ల, సాయంత్రానికి వేళ్లు ఆడక చాట మీదికి తల వాల్చేది. పెద్దపల్లిలో ఆమె అత్త "పని దొంగ" అని పుట్టింటికి పంపేసింది. మనమూ అదే అన్నాం.

డాక్టరుగారికి అంతా చెప్పాను. "జొన్న గట్క మింగుతుంటే గొంతుకు అడ్డం పడుతున్నదట సార్" అన్నాను. ఆయన సూది కింద పెట్టారు. "గది నటన కాదయ్యా, రోగమే అయ్యుంటది. గొంతుకొచ్చిందంటే రేపు ఊపిరికొస్తది. జల్దీ తీసుకరమ్మను." ఆ రెండో సూది మందే ఆమెకూ పనిచేయవచ్చట. పూర్తిగా నయమవుతుందని మాత్రం అనలేదు. మంచిర్యాలలో పొద్దుటి బండి ఎక్కించు, పొద్దున ఆమె నడవగలదు.

నువ్వు నమ్మవని తెలుసు. అందుకే సాయంత్రం చదివించమన్నాను. ఇంతసేపు చదివి గొంతు అలిసి, ఇప్పటికి శాంత మాట ముక్కులోంచి వస్తుంటుంది. రాకపోతే మళ్లీ మొదటి నుంచి చదివించి, కళ్లు మూసుకుని విను.

అవ్వ కాళ్లకు దండం. వదినకు నమస్కారం. పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
నీ తమ్ముడు మల్లేశం

శాంతా, దొంగ నిద్ర అనుకుని ఆ రోజు నీ మొహాన నీళ్లు కొట్టాను. తలుచుకుంటే సిగ్గేస్తున్నది. నన్ను మన్నించు. చాలు తల్లీ, ఇక చదవకు.