మూడు నీళ్ల ఉప్పు

చిరంజీవి అబ్బాయికి, నాన్న దీవెనలు.

ఇక్కడ ఇద్దరం క్షేమం. అలా రాయడం ఆనవాయితీ కనక రాశాను. చివరిదాకా చదివి గానీ నమ్మకు. నీ ఓడ ఏ రేవులో ఉన్నా ఉత్తరం అందుతుందని కంపెనీ గుమాస్తా చెప్పాడు. ఆ మనిషి చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు, అయినా రాస్తున్నాను.

మోకాలు ఎలా ఉందని అడిగావు. ఉంది. పాలను ఇంకా గాజుపలక మీద బొట్టు వేసి పరీక్షిస్తున్నానా అనీ అడిగావు. లేదు, పాలే మానేశాం. ఆ నురగ చూస్తే సబ్బు కలిపినట్టే ఉంది. "నా పాలకి కూడా టికెట్ అడిగేది మీరొక్కరే సార్" అన్నాడు పాలవాడు. ముప్ఫై రెండేళ్లు రైల్లో టికెట్లు తనిఖీ చేసినవాణ్ణి, మాటతీరు పట్టలేనా? చేపలతను కూడా అంతే. చేప కళ్లు చూశాను, అతని కళ్లు చూశాను, రెండూ నచ్చలేదు. గుడ్లు మరీ తెల్లగా ఉంటున్నాయని అవీ ఆపేశాను. మీ అమ్మ పోయాక వంటిల్లు నా చేతికొచ్చింది; కల్తీ సరుకు ఒక్క పలుకు కూడా గడప దాటనివ్వలేదు.

కోడలి ఉత్తరాలు మూడు వాక్యాలకే ముగిసిపోతున్నాయేమని రాశావు. నాకూ అనుమానం వచ్చింది, కాకపోతే నాది వేరే దారి పట్టింది. అయిదో నెలలో నిద్ర సహజమే అనుకో. కానీ కుట్టు మిషను మీదే కునుకు తీయడం, ఒకే చొక్కాకి రెండూ ఎడమ చేతులే కుట్టడం, మండుటెండలో మెడచుట్టూ తువ్వాలు కప్పుకోవడం ఏమిటి? పిలిస్తే ఆలస్యంగా పలుకుతుంది, అదీ బొంగురు గొంతుతో. టికెట్ లేనివాళ్లే అలా నిద్ర నటిస్తారు. ఏదో దాస్తోందని తేల్చేసుకున్నాను.

ఓ రోజు పొద్దున్న వంటింటి కిటికీలోంచి చూద్దును కదా, జాడీలోంచి చెంచాడు ఉప్పు తీసి, దానిమీద బుల్లి సీసాలోంచి బొట్టు బొట్టుగా ఏదో వేస్తోంది. నా పైప్రాణాలు పైనే పోయాయి. నాకు మందు పెడుతోంది! కడుపులో బాగాలేదని చెప్పి రెండు రోజులు అరటిపళ్లతో సరిపెట్టుకున్నాను. మూడో రోజు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"ఏమిటా సీసా? ఇలా చూపించు."

"నర్సమ్మ ఇచ్చింది మామయ్యా. ఇంట్లో ఉప్పు పరీక్ష చేసుకోమంది. అయొడిన్ ఉంటే నీలం రంగు రావాలట. మూడు రోజుల్నించీ చూస్తున్నా, రంగే రావట్లేదు."

తువ్వాలు తీసింది. గొంతు కింద వాపు. "మీరు కంగారుపడతారని కప్పుకున్నా" అంది.

నేను ఆ వాపు చూస్తూ కూడా "ఆ కొట్టువాడి పనే ఇది!" అన్నాను. పాపం, ఆ అలసటతోనే కొట్టుకెళ్లింది. అక్కడే కొత్త ప్యాకెట్ కత్తిరించి బొట్టు వేస్తే సిరా ఒలికినంత నీలం వచ్చిందట.

మర్నాడు ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించింది. ఒంట్లో అయొడిన్ చాలక గొంతులోని థైరాయిడ్ గ్రంథి ఉబ్బిందట. నిద్ర, మతిమరుపు, చలి అన్నీ దాని పుణ్యమే. రోజుకు కావలసింది ఆవగింజలో పదో వంతు, కానీ అదే లేకపోతే కడుపులో బిడ్డ మెదడు సరిగ్గా ఎదగదట.

"పాలు, గుడ్లు, చేపలు తింటున్నావామ్మా?" అని అడిగింది.

కోడలు నా వైపు చూడలేదు. "నాకు పడవండీ" అని, ఉప్పు పరీక్ష సంగతి చెప్పింది.

"మరి ప్యాకెట్లో ఉన్నది జాడీలోకి వచ్చేసరికి ఎలా పోయింది? మూత తీసి ఉంచారా? తడి తగిలిందా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి నా భుజం మీదికి పోయింది. ఎవరూ గమనించలేదు. కోడలు ఏడ్చేసింది. "నేనే మూత పెట్టడం మర్చిపోయుంటానండీ. నా మతిమరుపే నా బిడ్డకి తగిలింది" అంది. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను.

అబ్బాయ్, ఆ ఉప్పు కడిగింది నేను. ప్యాకెట్ మీద 'అయొడిన్ కలిపినది' అని ఉంటుంది. కలిపినదంటే కల్తీయే కదా అనుకున్నాను. అమ్మాయి కుట్టిన బట్టలు ఇవ్వడానికి దుకాణానికి వెళ్లగానే ఆ రాళ్ల ఉప్పుని మూడు నీళ్లలో కడిగి, డాబా మీద ఎండబోసి, జాడీకెత్తేవాణ్ణి. అయొడిన్ ఉప్పుకి పైపైనే పడుతుందనీ, మొదటి నీళ్లకే కొట్టుకుపోతుందనీ ఆ సాయంత్రం నర్సమ్మ మాటల్లో చెప్పేదాకా నాకు రూఢిగా తెలియదు. తెలిశాక కూడా చెప్పలేదు. తప్పు పక్కవాడి మీదికి నెట్టేవాణ్ణి చూస్తే నాకు రైల్లో ఒళ్లు మండేది.

మాత్రలు మొదలయ్యాయి. పాలూ గుడ్లూ మళ్లీ వస్తున్నాయి, నేను వాసన చూడటం లేదు. "ఇంకా ముందే రావలసింది. ఇప్పుడైనా వచ్చారు, చూద్దాం" అంది డాక్టరమ్మ. ఆ 'చూద్దాం'ని ఎటు తిప్పి చూసినా భరోసా కనిపించడం లేదు. భయంగా ఉందిరా.

అంతకంటే భయం ఇంకోటి. అమ్మాయి రోజుకు పదిసార్లు మిషను మీంచి లేచి, జాడీ మూత బిగిసి ఉందో లేదో చూసి వస్తోంది. తనని తనే నమ్మడం లేదు. అనుమానం పెనుభూతం అంటారు. నా భూతాన్ని ఆ పిల్లకి పట్టించాను.

నోటితో చెబుదామని రెండుసార్లు మిషను దాకా వెళ్లాను. దారం తెగిందా అని అడిగి వచ్చేశాను. అందుకే ఇదంతా రాశాను. కవరు అంటించకుండా ఆమె చేతికిచ్చి, "చదివి నువ్వే పోస్టు చెయ్యమ్మా" అంటాను. ఇది నీదాకా వచ్చిందంటే, చదివాక కూడా ఆమె చింపెయ్యలేదన్నమాట.

ఇట్లు,
నీకు నాన్న, ఆమెకు మామయ్య