ఎర్ర బటన్ నొక్కితే అమ్మకం

ఫిబ్రవరి 3, ఉదయం

నిన్న భజన అయ్యాక మళ్ళీ చెప్పాను. కోడింగ్ రానక్కర్లేదు, ఈ టూల్‌లో బటన్లు వేలితో లాగి పెట్టుకుంటే ఫోన్‌లో యాప్ స్క్రీన్ తయారవుతుంది, ఎవరి స్క్రీన్ వాళ్ళే కట్టుకోండి, తన్ను తానే ఉద్ధరించుకోవాలని గ్రంథమే చెప్పింది అన్నాను. ఈ టూల్ నాకెవరూ నేర్పలేదు. వేదాంతమూ ఎవరూ నేర్పలేదు. తొమ్మిది వారాలుగా గొంతు చించుకుంటున్నాను. వచ్చేది ఇద్దరు. బుల్లయ్య ప్రసాదం పెట్టేదాకా ఆవలిస్తాడు. రెండో మనిషి బిందుమాధవి, మిరప కల్లంలో రంగుపోయిన తాలుకాయ ఏరుతుంది.

ఫిబ్రవరి 9

బిందుమాధవి కల్లంలోనే క్లాసు పెట్టిందట. నలభై మందట. నా దగ్గర నేర్చుకుని.

ఫిబ్రవరి 10, మధ్యాహ్నం

దారిన పోతున్నట్టు వెళ్ళి చూశాను.

సంగతి ఇదీ. ఈ వారం బస్తాలు అమ్మాలా, కోల్డ్ స్టోరేజీలో ఆపాలా, రైతు ఫోన్‌లోనే మా ఊరి రైతు సంఘానికి చెప్పేలా నేనో స్క్రీన్ కట్టాను. పచ్చ బటన్ అమ్మకానికి, ఎరుపు ఆపడానికి. టూల్ ఇచ్చేదే అలా. పోయిన వారం బుల్లయ్య అమ్ముదామని ఎరుపు నొక్కాడు. సరుకు కదల్లేదు. సంఘంలో అందరి ముందూ వాణ్ణి తిట్టాను.

ఆ పిల్ల తన స్క్రీన్‌లో రంగులు తిప్పేసింది, అంతే. ఎందుకమ్మా అన్నాను.

"గురువుగారూ, ఎర్రబడ్డ కాయేగదండీ మనం అమ్మేది. పచ్చగా ఉంటే ఆగమనేగా?"

జనం నవ్వారు. బుల్లయ్య మరీ నవ్వాడు.

ఫిబ్రవరి 11

అసూయ మీద గంటన్నర ఉపన్యాసం. బాగా వచ్చింది.

ఫిబ్రవరి 14, ఉదయం ఆరు

ఒంగోలులో రైతు సంఘాలన్నిటికీ ఈ టూల్ నేర్పే శిబిరం. చెప్పడానికి ఆ పిల్లని పిలిచారు. ఆరుగురు శత్రువుల్లో మాత్సర్యాన్ని చివర రాశారు కాబట్టి అన్నిట్లో చిన్నదేమో అనుకునేవాణ్ణి.

ఆమె స్క్రీన్ నా లాగిన్ కిందే ఉంది. నేనే తెరిచిచ్చాను. డిలీట్ కొట్టాను. నిజంగానేనా అని టూల్ అడిగింది. మళ్ళీ కొట్టాను.

ఫిబ్రవరి 15

బుల్లయ్య వచ్చాడు. బిందుమాధవి స్క్రీన్ ఎగిరిపోయిందట. అయితే ఏం, నేర్పిందిగా, ఎవరిది వాళ్ళే కట్టుకుంటున్నారట. వాడికి అరగంట పట్టిందట. చూపించాడు. శుభ్రంగా ఉంది.

తొమ్మిది వారాలు నేను అడిగింది ఇదే.

నన్నెవరూ అనుమానించలేదు. అనుమానించడానికైనా నేను గుర్తుకు రాలేదు.

ఫిబ్రవరి 16

బిందుమాధవి ఇంటికొచ్చింది. మీదీ పోయిందాండీ అంది. నాది ఉంది. అయినా పోయిందమ్మా అన్నాను. అరుగు మీద కూర్చోబెట్టి మొదటినుంచీ నేర్పింది. వేలు ఇక్కడ పెట్టండి, ఇలా లాగండి అంది.

గంటసేపు లాగాను.