టీచరమ్మకు చూపించని సింహం

ఉసాంగి, పారే కొండలు
ఆగస్టు 6

మోషి పట్టణం, తెల్లటోపీ సఫారీ కంపెనీ మేనేజరు గారికి, విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు నమ్సీఫు సెంకొండో వ్రాయునది.

ఇక్కడ నేను క్షేమం. మీరు క్షేమమో కాదో ఈ ఉత్తరం చదివాక తేలుతుంది.

కిందటి వారం మీ బండిలో మూడు రోజుల సఫారీకి వచ్చాను. తరంగిరెలో ఏనుగుల్ని చూశాను. తరగతి గదంత జంతువుని చూపించడానికి కంపెనీ అక్కర్లేదు, అది వేరే సంగతి. మన్యారాలో ఒక బబూన్ కోతి నా చేతిలోంచి భోజనం డబ్బా లాక్కుని, గుడ్డు తిని, పెంకు నా ఒళ్ళో పడేసింది. గోరొంగోరోలో జీబ్రాలున్నాయి, నీటిగుర్రాలున్నాయి. సింహం లేదు.

మీ కాగితంలో "సింహములు చూపబడును" అని అచ్చు వేశారు. నేను నలభై ఏళ్ళు నల్లబల్ల మీద సింహం బొమ్మ గీసి పిల్లలకి అక్షరాలు నేర్పాను. అసలు సింహాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. దాన్ని చూడడానికే వచ్చాను. మీ డ్రైవరు లాజరో ఒకచోట బండి ఆపి "అదిగో" అన్నాడు. చూస్తే ఎండుగడ్డి.

నా సింహాన్ని నాకు చూపించండి. ఈ సంవత్సరంలోనే చూపించాలి. వచ్చే ఏడాది నాకు కుదరదు.

ఇట్లు,
నమ్సీఫు సెంకొండో

తా.క.: బబూన్ నా కళ్ళజోడు కూడా తీసుకుంది. పెట్టుకుని చూసి, నచ్చక తిరిగి పారేసింది. మీ కంపెనీ కంటే అదే నయం.

&nbsp;

మోషి
ఆగస్టు 15

పూజ్యులు, పరమ కోపిష్ఠి టీచరమ్మకు, మేనేజరు మెల్కియోరి తెమూ నమస్కరించకుండా వ్రాయునది.

కవరు మీద "పారే కొండలు" అని చూడగానే ఆఫీసులో అందర్నీ పిలిచి, టీ తెప్పించి, మీ ఉత్తరం పైకి చదివాను. ఎన్నాళ్ళకి! మీది పారే తెగ, మాది చగ్గా తెగ. మన తాతలు ఒకళ్ళనొకళ్ళు నోటికొచ్చినట్టు ఆడిపోసుకుంటూనే బతికారు. పెళ్ళిలో అయినా, చావింట్లో అయినా మన మధ్య ఈ వేళాకోళం వరస తప్పదు. కోపం తెచ్చుకునే హక్కు ఇటు మాకూ లేదు, అటు మీకూ లేదు. కాబట్టి వినండి.

ఒక్క కోడి పోయిందని కేసు పెట్టి, అది గెలవడానికి పది ఆవుల్ని అమ్ముకునే జాతి మీది. సింహం దాక్కుందంటే వింతేముంది? పారే ముసలమ్మ వస్తోందని తెలిస్తే, ఎక్కడ సాక్ష్యానికి పిలుస్తుందో అని ఏ జంతువైనా పొదలో దూరుతుంది. మీరు కొండ దిగారని తెలిసి గోరొంగోరోలో రెండు ఖడ్గమృగాలు వకీలుని పెట్టుకున్నాయట.

ఇంటికెళ్ళి మకాండే వండుకు తినండి. మొక్కజొన్నా చిక్కుళ్ళూ ఉడికేలోపు కోపం చల్లారుతుంది. అవి ఉడకడానికి ఎలాగూ రెండు రోజులు పడుతుంది కదా.

ఇట్లు,
మెల్కియోరి తెమూ

తా.క.: ఆ బబూన్ మా ఉద్యోగి కాదు. చగ్గా దగ్గర పనిచేసేదైతే గుడ్డు పెంకు కూడా అమ్ముకునేది.

&nbsp;

ఉసాంగి
ఆగస్టు 24

మెల్కియోరి తెమూకి, నమ్సీఫు సెంకొండో వ్రాయునది.

"మీరు" అనే గౌరవం మొదటి ఉత్తరంతో అయిపోయింది. నేను ఫిర్యాదు రాస్తే నువ్వు పరాచికం రాశావు. వేళాకోళం వరస సంగతి నాకు నువ్వు చెప్పాలా? నువ్వు పుట్టకముందే చగ్గా వాళ్ళ చావు ఇళ్ళలో శవపేటిక మీద కూర్చుని, బీరు పోస్తేగాని లేవనని మొండికేసినదాన్ని. కానీ ఇది పరాచికం కాదు. నాకు సింహం కావాలి.

మా వార్డు పంచాయతీలో కాగితం పెడుతున్నాను. ప్రతివాది తండ్రి పేరు, తాత పేరు, పుట్టిన కొండ, ఇంటి గుర్తులు కావాలన్నారు. వివరంగా రాసి పంపు. పౌరుషం ఉంటే ఏదీ దాచకు.

ఇట్లు,
నమ్సీఫు

తా.క.: నీ ఉత్తరాన్ని ఎర్ర సిరాతో దిద్ది దీంతో పంపుతున్నాను. నూటికి ముప్ఫై ఎనిమిది. దస్తూరీకి సున్నా.

&nbsp;

మోషి
సెప్టెంబరు 3

వాది గారికి, ప్రతివాది వ్రాయునది.

పౌరుషం గురించి అడిగారు కాబట్టి రాసుకోండి. తండ్రి ప్రోస్పర్ తెమూ, పోయి ఆరేళ్ళయింది. తాత కిలావే తెమూ, కిరువా కొండ. అరటితోటలు, ముగ్గురు భార్యలు, ఎడమ చేతికి ఆరు వేళ్ళు. ఆ ఆరోదాన్ని చూపించి సంతలో అందర్నీ భయపెట్టేవాడట. సంతానం ఎంతమందో ఆయనకే తెలీదు. అన్నాల వేళ నాయనమ్మలు హాజరు పిలిచేవాళ్ళట. కూతుళ్ళలో ఎవరు ఏ కొండకి కాపురానికి వెళ్ళారో చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడు ఒక్కరూ లేరు. ఇంతమంది మీద కేసు పెట్టాలంటే మీ ఊరి ఆవులు చాలవు, పక్క ఊరివి కూడా అమ్మించండి.

ఇక సింహం. లాజరోని నిలబెట్టి అడిగాను. అది బండికి పదడుగుల్లో పడుకుని, మీ వైపే తిరిగి ఆవులించిందట. మిగతా ఆరుగురూ చూశారు. మీ కళ్ళని ఇంట్లో గూట్లో పెట్టి వచ్చారా టీచరమ్మా? అయినా పారే కళ్ళు కోర్టు కాగితాలకే తెరుచుకుంటాయి, సింహాలకి తెరుచుకోవు.

ఇట్లు,
కిలావే మనవడు మెల్కియోరి

తా.క.: సింహం ఫొటో ఒకటి పంపుతున్నాను. బాకీ చెల్లు.

&nbsp;

ఉసాంగి
సెప్టెంబరు 12

మెల్కియోరికి,

ఫొటో అందింది. సింహం గోరంత ఉంది. దాని ముందు నిలబడ్డ తెల్లాయన టోపీ మాత్రం బుట్టంత ఉంది. టోపీలు చూడాలనుకుంటే మా ఊరి చర్చి చాలు.

పంచాయతీ వారి తాఖీదు ఇందులో ఉంది. ఇరవై ఎనిమిదో తేదీన హాజరు కావాలి.

కళ్ళ మాట అన్నావు. చదివాను.

నమ్సీఫు

తా.క.: ఈసారి దిద్దలేదు. దిద్దాలనిపించలేదు.

&nbsp;

మోషి
సెప్టెంబరు 25

టీచరమ్మా, టీచరమ్మా!

మీరు మామూలు మనిషి కాదు. ఇంత పెద్ద పరాచికం మా వంశంలో ఎవరికీ దక్కలేదు. మీ తాఖీదుని ఆఫీసు గోడకి దిగ్గొట్టాను. వచ్చిన ప్రతివాడూ చదివి, పొట్ట పట్టుకుని పోతున్నాడు. సింహాన్నే సాక్షిగా పిలవమని పంచాయతీకి నేను జవాబు రాశాను. వాళ్ళు తక్కువ తిన్నారా? "సాక్షి తండ్రి పేరు, నివాసం తెలుపగలరు" అని ముద్ర కొట్టి మరీ తిరుగు టపాలో పంపారు! అది కూడా గోడెక్కింది.

మీ కోపం తగ్గలేదంటే కళ్ళకి మంచి మందు చెబుతాను. సింహం తోకతో నాలుగు తగిలించుకుంటే బాగా విచ్చుకుంటాయి.

మీ ప్రతివాది,
మెల్కియోరి

తా.క.: ఇరవై ఎనిమిదికి రాలేను. సాక్షి ఆవులించడంలో తీరిక లేకుండా ఉంది.

&nbsp;

ఉసాంగి
అక్టోబరు 4

మెల్కియోరీ,

ఇక నవ్వింది చాలు. కూర్చుని చదువు.

నేను పారే ఇంటి కోడల్ని. పుట్టింది కిరువాలో. కిలావే తెమూ గారి రెండో భార్య కడుపున పుట్టాను. మా నాన్న ఎడమచేతి ఆరో వేలు పట్టుకుని నడక నేర్చాను. మీ నాన్న ప్రోస్పర్‌ని చంకనేసుకుని అరటితోటంతా తిప్పాను. పారే మాస్టారిని చేసుకుని ఈ కొండెక్కానని నాన్న నా పేరు ఇంట్లో ఎత్తనివ్వలేదు. నువ్వు నన్ను ఎరగవు, అందులో నీ తప్పు లేదు. కానీ తండ్రి తోడబుట్టినదాన్ని గోడకి దిగ్గొట్టి నవ్వినవాణ్ణి మన కొండ మీద ఏమంటారో నీకు చెప్పక్కర్లేదు.

ఇంకొకటి. లాజరో అబద్ధమాడలేదు. సింహం అక్కడే ఉండి ఉంటుంది. నాకే కనపడలేదు. నాకు నీటికాసులు. చుట్టూ చీకటి ముడుచుకొస్తోంది, మధ్యలో సాసరంత వెలుగు మిగిలింది. వచ్చే ఏడాదికి అదీ ఉండకపోవచ్చని డాక్టరు చెప్పాడు. అది ఆరిపోయేలోపు అందులో ఒక్కసారి సింహం పడాలని వచ్చాను. బండిలో అందరూ "అబ్బా" అంటుంటే నాకు ఎండుగడ్డి కనపడింది. ఏడుపొచ్చింది. ఏడవడం చేతకాక మీ మీద ఫిర్యాదు రాశాను.

ఏం చేయాలో నువ్వే తేల్చుకో.

నీ మేనత్త

తా.క.: తప్పు ఒప్పుకోలుకి మేకని తెస్తే రెండు కొమ్ములూ ఉన్నదాన్ని తీసుకురా.

&nbsp;

మోషి
అక్టోబరు 9

అత్తకి షికమో. షికమో. ఇన్ని ఉత్తరాల్లో పెట్టని దండాలన్నీ కలిపి షికమో.

మీ ఉత్తరం చదివి కుర్చీలోంచి లేవలేకపోయాను. తాఖీదు గోడ మీంచి తీసేశాను. నవ్వినవాళ్ళందరి చేతా గోడకి సున్నం వేయించాను. అమ్మ దగ్గరికి పరిగెత్తితే, "మీ తాత కూతుళ్ళలో ఎవర్నని గుర్తుపెట్టుకోను? ఆరో వేలు సంగతి తెలుసంటే మన ఇంటి మనిషే" అని నన్ను గరిటెతో కొట్టింది.

అత్తా, కళ్ళ గురించి ఒకసారి కాదు, రెండుసార్లు రాశాను. చగ్గా పారే సంగతి పక్కన పెట్టండి, మనిషన్నవాడు అనకూడని మాట అది.

ఇసాలే ఆకుని నా చేత్తోనే కంచెలోంచి కోసి ముడి వేశాను. ఆ ఆకు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డవాణ్ణి క్షమించనన్న మనిషి మన కొండ మీద ఇంతవరకు పుట్టలేదు. మీరు మొదటివారు కాకండి. శనివారం ఆకు, మేక, బండి, లాజరో, నేను వస్తున్నాం. మీ వెలుగులో సింహం పడేదాకా తిరుగుదాం. మూడు రోజులైనా సరే, పది రోజులైనా సరే.

మీ పాపిష్ఠి మేనల్లుడు,
మెల్కియోరి

తా.క.: బబూన్‌కి విడిగా ఒక డబ్బా కట్టిస్తున్నాను. మీ గుడ్డు మీకే దక్కాలి.

&nbsp;

ఉసాంగి
అక్టోబరు 27

చిరంజీవి మెల్కియోరికి, నమ్సీఫు సెంకొండో ఆశీర్వదించి వ్రాయునది.

ఇంటికొచ్చి వారమైంది. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే అదే కనపడుతోంది. మూడో రోజు మిట్టమధ్యాహ్నం చెట్టన్నది లేనిచోట అది లేచి, తిన్నగా మన బండి దగ్గరికి నడిచొచ్చి, బండి నీడలో నా కిటికీ కింద చతికిలబడింది కదా. నువ్వు నా జాకెట్టు వెనక నుంచి గట్టిగా పట్టుకుని "అత్తా, అత్తా" అని వణికావు. నేను దాన్నే చూస్తున్నాను. ముక్కు మీద పాత గాటు. కంటి కింద ఈగలు. జూలులో ముళ్ళు. నా సాసరు నిండిపోయి, ఇంకా పక్కలకి పొర్లింది. తోక చివర నల్లటి కుచ్చు ఉంటుందని నాకు తెలీదు నాయనా. నలభై ఏళ్ళు కుచ్చు లేకుండా గీశాను. ఎంతమంది పిల్లలకి తప్పు నేర్పానో! చాలా సంతోషంగా ఉంది. ఇంతకంటే ఎలా రాయాలో తెలీడం లేదు.

ఇక రెండో సంగతి. కిందటిసారి నువ్వు కూర్చునే చదివావు కదా, ఈసారి పడుకుని చదువు.

నేను ఏడు తరాల పారేని. కిరువా కొండ ఎక్కలేదు. మీ తాతని చూడలేదు. ఆయన ఆరో వేలు, ముగ్గురు భార్యలు, లెక్క తెలీని కూతుళ్ళు, అన్నీ నీ దస్తూరీలోనే నాకు అందాయి. నూటికి ముప్ఫై ఎనిమిది వచ్చినవాడి కాగితంలో ఇంత సరుకు ఉంటుందని నేనూ అనుకోలేదు. చగ్గా మేకని చగ్గా చేతే మోయించి, చగ్గా బండిలో ఊరేగిన పారే మనిషి మా కొండ మీద నేనొక్కదాన్నే. పంచాయతీ వాళ్ళు మేకలో తొడభాగం తిని, కేసు కొట్టేశారు.

కోపం వస్తోందా? మన వరసలో ఆ హక్కు నీకు లేదు. నువ్వే రాశావు.

కళ్ళ సంగతి మాత్రం నిజం. ఆకుని కూడా నేను నవ్వులాటకి తీసుకోలేదు. నువ్వు గుమ్మంలో తల వంచుకుని నిలబడింది మేనత్తని ఆడిపోసుకున్నందుకు ఒక్కదానికే కాదని నీ ముఖం చూస్తేనే తెలిసింది. ఆ కళ్ళ మాటకి క్షమించాల్సిన మనిషిని నేనే. క్షమించాను. ఆకుని ఎండబెట్టి బైబిల్లో పెట్టుకున్నాను.

ఇట్లు,
ఎవరికీ మేనత్త కాని
నమ్సీఫు సెంకొండో

తా.క.: ఇకమీదట నన్ను "అత్తా" అనక్కర్లేదు. అన్నావనుకో, పలుకుతాను.