రెండు గుమ్మాల మధ్య గది

పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున.

విజయవాడ, గుణదల కాపురస్తురాలు, కీర్తిశేషులు ఏసుపాదం గారి భార్య, బట్టలు కుట్టి జీవించే తెరేసమ్మ అను నేను, అరవై నాలుగేళ్ళ వయసులో, మతి స్థిరంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న వీలునామా. డాక్టరు గారు గుండె బాగా లేదన్నారు. మతికేమీ కాలేదు. అదీ పోయుంటే బాగుండేదని ఒక్కోసారి అనిపిస్తుంది.

1. నా పేర ఉన్న మూడు గదుల ఇల్లు నా కొడుకులు అంతోని, లాజరులకు చెరి సగం. ముందు గదిలో పెద్దవాడు అంతోని, వెనుక గదిలో లాజరు ఇప్పటికే కాపురముంటున్నారు. నేనుంటున్న నడిమి గదిని మాత్రం పంచుకోవడానికి వీల్లేదు. దాని రెండు గుమ్మాలకూ గొళ్ళేలు పెట్టకూడదు, అడ్డంగా గోడ కట్టకూడదు.

2. కారణం రాయక తప్పదు. ఇద్దరూ రైల్వే లోకో షెడ్డులో ఫిట్టర్లు. డెబ్భై నాలుగు మే నెల సమ్మెలో అంతోని దిగాడు, లాజరు డ్యూటీకి వెళ్ళాడు. అంతోని ఉద్యోగం పోయింది. క్షమాపణ కాగితం మీద సంతకం పెడితే మళ్ళీ తీసుకుంటారని లాజరే టైపు చేయించి తెచ్చాడు. అంతోని చదవకుండానే చింపేశాడు. సమ్మెలో పనికెళ్ళడం తప్పని తమ్ముడు ఒప్పుకోవాలంటాడు. లాజరు ఒప్పుకోడు. అప్పటినుంచి మాటల్లేవు.

నేనూ తక్కువ తినలేదు. మీరు మాట్లాడుకునేదాకా ఇద్దరి ఇంటా ముద్ద ముట్టనని పొయ్యి వేరు పెట్టాను. రెండేళ్ళుగా నా పొయ్యి నేనే రాజేసుకుంటున్నాను. వాళ్ళకు చీమ కుట్టినట్టయినా లేదు.

3. కుట్టు మిషను పెద్దకోడలు దానమ్మకు. ఆ గదిలోకి ఇప్పుడు జీతం రాదు. నా మెడలో గొలుసు చిన్నకోడలు ఎలిజబెత్‌కు. మొగుడు చూడకుండా ఈమె దానమ్మ పిల్లలకు పాలు పంపుతుంది. ఇప్పుడు ఇందులో రాశాను గనుక లాజరు ఆమెను ఏమీ అనకూడదు.

4. నా ఆడపడుచు శౌరమ్మ ఏదో పెళ్ళికని పట్టుకెళ్ళి, అసలు తీసుకోనేలేదని బుకాయిస్తున్న ఇత్తడి బిందె ఆమెకే ఇచ్చేశాను. ఇక అటక మీద దాచనక్కర్లేదు, నీళ్ళు పట్టుకోవచ్చు.

5. బాల్ బ్యాడ్మింటన్ బ్యాట్లు రెండూ ఒకే సంచిలో ఉన్నాయి. విడదీయకూడదు. ఒకసారి గన్నవరం పోటీల్లో బంతి గీత లోపలే పడిందని అన్నదమ్ములిద్దరూ అంపైరుతో వాదించి, కోర్టు మధ్యలో మఠం వేసుకుని కూర్చున్నారు. కప్పు అవతలివాళ్ళకిచ్చేశారు. వీళ్ళు ఒకే సైకిలు మీద నవ్వుకుంటూ ఇంటికొచ్చారు. మొండిఘటాలని మురిసిపోయి ఆ రోజు కోడిని కోయించాను. ఆ మొండితనమే ఒకరి మీద ఒకరు చూపుకుంటారని నాకేం తెలుసు.

6. నన్ను నా భర్త పక్కనే సమాధి చేయాలి. పెట్టెను ముందువైపు అంతోని, లాజరు పక్కపక్కన నడుస్తూ మోయాలి. ఒకరు ముందూ ఒకరు వెనకా పట్టుకుంటే మొహాలు చూసుకోనక్కర్లేదు, కనుక అలా వద్దు. గోతిలోకి దించే తాళ్ళు కూడా వాళ్ళే పట్టాలి. పెట్టె ఒరిగిపోకుండా తాడు సమంగా వదలాలంటే ఏదో ఒక మాట అనుకోక తప్పదు. నెమ్మది అన్నా చాలు.

ఈ షరతు కోర్టులో నిలవదని, ఈ వీలునామాను అమలు జరపడానికి ఒప్పుకున్న ప్లీడరు సంజీవరావు గారు చెప్పారు. తెలుసు, అయినా రాయండి బాబూ అన్నాను. నా చేతిలో ఇంకేముంది?

ఇదంతా చదివి వినిపిస్తుంటే అంతోని ముందు గుమ్మం బయట, లాజరు వెనుక గుమ్మం బయట నిలబడి విన్నారు. లోపలికి రండిరా అని పిలిచాను. ముందు వాణ్ణి రమ్మనమ్మా అన్నారు, ఇద్దరూ.

చేవ్రాలు చేస్తున్నాను.

గుణదల, 9 ఆగస్టు 1976.

(చేవ్రాలు) తెరేసమ్మ

సాక్షులు:
బసవపున్నయ్య, పక్కింటివారు
ఆమోసు, సైకిలు షాపు